పాత ఫ్లాష్‌ను డిజిటల్ కెమెరాకు తగిలించే ముందు

మీ నాన్నగారి పెట్టెలో దొరికిన పాత ఫ్లాష్ ఏ మోడలో, దాన్ని డిజిటల్ కెమెరాకు వాడవచ్చో లేదో అడిగారు. దానికి ముందువైపు ఊడదీయగల రంగుల డయల్, నాలుగు పెన్సిల్ సెల్స్ గది, పైకి వంగే తల ఉన్నాయన్నారు కనుక అది వివిటార్ కంపెనీ 283 మోడల్ కావచ్చు. తల ముందుకు జరిగే జూమ్ కూడా ఉంటే 285 అనుకోండి.

దానిని నేరుగా కెమెరాకు తగిలించకండి. పాత 283లలో కొన్నింటి ట్రిగ్గర్ వోల్టేజి (ఫ్లాష్ నుంచి కెమెరా కాంటాక్టుల మీద పడే వోల్టేజి) 200 వోల్టులు దాటుతుంది, అది కొన్ని డిజిటల్ కెమెరాల సర్క్యూట్‌ను కాల్చేయగలదు. రెడీ దీపం వెలిగాక, మల్టీమీటర్‌ను డీసీ 600 వోల్టుల రేంజిలో పెట్టి, ఫ్లాష్ పాదంలోని (కెమెరా మీద బిగించే అడుగు భాగంలోని) మధ్య కాంటాక్టుకూ పక్క లోహపు అంచుకూ మధ్య కొలవండి. మీ కెమెరా తట్టుకోగలిగిన దానికంటే ఎక్కువ చూపిస్తే, మరో చిన్న ఫ్లాష్ వెలుగుకు స్పందించి దీన్ని వెలిగించే ఆప్టికల్ స్లేవ్ అనే పరికరంతో కెమెరాకు దూరంగా నిలబెట్టి వాడవచ్చు. పోర్ట్రెయిట్లకు నిజానికి అదే మేలు.

విశాఖ ఉప్పుగాలికి సెల్స్ గదిలో పట్టిన చిలుమును ముందుగా వెనిగర్ అద్దిన దూదితో తుడిచి, బాగా ఆరనివ్వండి. బాడీని మాత్రం విప్పకండి. సెల్స్ తీసేసినా లోపలి కెపాసిటర్‌లో ప్రమాదకరమైన ఛార్జి నిలిచి ఉంటుంది.