న్యూకాజిల్ గెలిస్తే సంబరపడొచ్చా?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఫుట్‌బాల్ మీదే ఎక్కువున్నాయి. క్రికెట్ ఊళ్ళో ఇదేం గాలి అనుకుంటూనే నాలుగు ఏరాను.

ప్రశ్న: నాకు 24 ఏళ్ళు, ఉండేది మలక్‌పేట. ఇంటర్ నుంచి ఇంగ్లాండ్ ఫుట్‌బాల్ క్లబ్బు న్యూకాజిల్ యునైటెడ్ ఫ్యాన్‌ని. మొన్న శుక్రవారం వాళ్ళ తెల్ల జెర్సీ వేసుకుని మాదాపూర్‌లో ఆఫీసుకెళ్తే, పక్క సీటాయన "ఏంటి, సౌదీ టీమ్ డ్రెస్ వేసుకొచ్చావ్, మనుషుల తలలు నరికే వాళ్ళ క్లబ్బు కదా నీది" అన్నాడు. అందరూ నవ్వారు. మా నాన్న దమ్మామ్‌లో 16 ఏళ్ళు ఏసీ మెకానిక్‌గా చేశారు, మా ఇల్లు ఆ రియాళ్ళతోనే లేచింది. సౌదీ క్లబ్బును సపోర్ట్ చేయడం తప్పైతే మేం తిన్న అన్నం కూడా తప్పేనా? క్లబ్బు మార్చుకోమంటారా?

జవాబు: చివరి మాట ముందు తేల్చేద్దాం. మీ నాన్నగారి రియాళ్ళను ఇందులోకి లాగకండి. ఆ ఎండలో మిద్దెలెక్కి కంప్రెసర్లు బాగుచేసి ఆయన తెచ్చుకున్నది జీతం, దానికి ఎవరికీ సంజాయిషీ చెప్పుకోనక్కర్లేదు. జగిత్యాల, నిజామాబాద్, సిరిసిల్ల వైపు ఎన్ని ఇళ్ళు అలా లేచాయో లెక్కే లేదు.

ఇక క్లబ్బు. 2021 అక్టోబర్ 7న సౌదీ ప్రభుత్వ పెట్టుబడి నిధి పీఐఎఫ్, మరో ఇద్దరు భాగస్వాములతో కలిసి సుమారు 30 కోట్ల పౌండ్లకు న్యూకాజిల్‌ను కొన్నది, అందులో 80 శాతం వాటా పీఐఎఫ్‌దే. ఆ నిధికి ఛైర్మన్ యువరాజు మహమ్మద్ బిన్ సల్మాన్. జర్నలిస్టు జమాల్ ఖషోగ్గీని 2018 అక్టోబర్ 2న ఇస్తాంబుల్‌లోని సౌదీ కాన్సులేట్‌లోనే చంపేశారు, ఆ పని ఈయన ఆమోదంతోనే జరిగిందని 2021 ఫిబ్రవరిలో అమెరికా బయటపెట్టిన ఇంటెలిజెన్స్ నివేదిక అంచనా వేసింది. తాను ఆదేశించలేదని ఆయన అంటారు. ఇది తెలిసే అమ్మారు, తెలిసే కొన్నారు. అంతకుముందు ఏడాది ఇదే బేరం చెడిపోయింది కదా, అప్పుడు పెద్ద అడ్డంకి ఏమిటో తెలుసా? టీవీ పైరసీ. ఖతర్‌కు చెందిన బీఇన్ ఛానెల్ డబ్బిచ్చి కొనుక్కున్న మ్యాచ్‌లను సౌదీలో దొంగ ప్రసారం చేసేవారు, బీఇన్‌కేమో అక్కడ నిషేధం. ఆ నిషేధం ఎత్తేస్తున్నారని వార్త వచ్చిన మర్నాడే క్లబ్బు చేతులు మారింది. హత్య అడ్డం రాలేదు గానీ కేబుల్ గొడవ అడ్డం వచ్చింది. నాకైతే ఈ మొత్తం కథలో అన్నిటికంటే రోత పుట్టించేది ఇదే.

ఈ బేరానికి ఆమోదం చెప్పాల్సిన ప్రీమియర్ లీగ్, అంటే ఇంగ్లాండ్ పెద్ద క్లబ్బుల లీగ్, అప్పుడు ఒక మాట చెప్పింది, క్లబ్బు మీద సౌదీ రాజ్యానికి పెత్తనం ఉండదని చట్టబద్ధమైన హామీలు తీసుకున్నామని. సరే అనుకున్నాం. 2023లో పీఐఎఫ్ డబ్బు పెట్టిన గోల్ఫ్ లీగ్ కేసులో అమెరికా కోర్టు కాగితాలు అడిగితే, అదే పీఐఎఫ్ తాను సౌదీ రాజ్యంలో భాగమని, తన గవర్నర్ అల్ రుమయ్యాన్ పదవిలో ఉన్న మంత్రి అని, కాబట్టి తమను అడగకూడదని వాదించింది. ఆ గవర్నరే న్యూకాజిల్ ఛైర్మన్. అక్కడ రాజ్యం, ఇక్కడ మామూలు ఇన్వెస్టర్! మన దగ్గర భూమి కేసుల్లో చూస్తుంటాం ఇలాంటివి, ఒక ఆఫీసులో బతికున్నవాడు ఇంకో ఆఫీసులో చచ్చిపోయి ఉంటాడు.

మీ జెర్సీ 2022-23 సీజన్ థర్డ్ కిట్ (మూడో రకం జెర్సీ) అయితే మీ ఆఫీసాయన అన్నది మరీ గాలి మాటేం కాదు. తెల్ల బట్ట, మెడ దగ్గరా చేతుల అంచుల్లోనూ ఆకుపచ్చ. న్యూకాజిల్ రంగులు నూరేళ్ళకు పైగా నలుపు, తెలుపు చారలు, ఈ పచ్చ ఎక్కడిదో సౌదీ జెండా చూసి మీరే ఆలోచించండి.

అయినా క్లబ్బు మార్చుకోమని నేను చెప్పను. మీరు ఫ్యాన్ అయ్యేనాటికి ఈ బేరం జరిగిందో లేదో, జరిగినా మిమ్మల్ని అడిగి చేయలేదు. 2025 మార్చి 16న వెంబ్లీలో లివర్‌పూల్ మీద 2-1తో లీగ్ కప్ గెలిచినప్పుడు ఆ ఊళ్ళో ముసలివాళ్ళు ఏడ్చారంటే, 1955 తర్వాత వాళ్ళ క్లబ్బుకు దేశంలో వచ్చిన మొదటి పెద్ద ట్రోఫీ అది. ఆ ఏడుపులో మోసం లేదు, మలక్‌పేటలో మీరు వేసిన కేకలో కూడా లేదు.

తప్పు మొదలయ్యేది ఇంకోచోట. ఎవరైనా ఉరిశిక్షల మాటెత్తగానే మీ నోట్లోంచి "మరి అమెరికా చేయలేదా", "వాళ్ళ దేశం వాళ్ళిష్టం" అని దానంతటదే వచ్చేస్తుంటే అక్కడ ఆగండి. అది అభిమానం కాదు, ఫీజు లేకుండా పట్టే వకాలత్. వాళ్ళకు కావలసింది కూడా అదే. 2022 మార్చి 12న సౌదీలో ఒక్కరోజే 81 మందికి మరణశిక్ష అమలు చేశారు, మర్నాడు న్యూకాజిల్‌కు చెల్సీతో మ్యాచ్. దాని గురించి అడిగితే కోచ్ ఎడీ హౌ ఆట సంగతే మాట్లాడతానన్నాడు. కోచ్‌కు ఉద్యోగం ఉంది, మీకేముంది? ఇంగ్లాండ్‌లోని లీడ్స్‌లో పీహెచ్‌డీ చేస్తున్న సల్మా అల్ షెహాబ్ అనే సౌదీ అమ్మాయికి ట్వీట్ల కోసం 2022లో 34 ఏళ్ళ జైలు వేశారు, తర్వాత తగ్గించారు, 2025లో వదిలారు. మీరు రాత్రి పన్నెండింటికి రిఫరీని తిడుతూ పెడతారే, అలాంటి పోస్టులే అవీ, కాకపోతే రిఫరీ వేరు.

న్యూకాజిల్ ఫ్యాన్స్‌లోనే ఈ యాజమాన్యాన్ని వ్యతిరేకించే గుంపు ఒకటుంది. వాళ్ళ సంఖ్య చిన్నదే, కానీ క్లబ్బును వదల్లేదు, నోరూ మూసుకోలేదు. ఈసారి పక్క సీటాయన అంటే "నిజమే, ఓనర్లు దుర్మార్గులే, టీమ్ మాత్రం నాది" అనండి, వాదన అక్కడే చప్పబడిపోతుంది.

ప్రశ్న: ఇదంతా తెల్లవాళ్ళ ఏడుపు. రష్యా వాడు చెల్సీ కొన్నప్పుడు చప్పట్లు కొట్టారు, అరబ్బులు కొంటే నీతులు. – ఒక పాఠకుడు, టోలీచౌకి

జవాబు: సగం ఒప్పుకుంటాను. అబ్రమోవిచ్ 2003 నుంచి చెల్సీని ఏలితే ఉక్రెయిన్ యుద్ధం వచ్చేదాకా లండన్‌కు చురుకు తగల్లేదు. మాంచెస్టర్ సిటీని 2008లో అబూదాబీ షేక్ మన్సూర్‌కు అమ్మింది థాయ్‌లాండ్ మాజీ ప్రధాని తక్సిన్, ఆయన రికార్డు మీద మానవ హక్కుల సంఘాలు ముందే మొత్తుకున్నా ఎవరూ విన్లేదు. అంతదూరం ఎందుకు, 2020లో ఇదే పీఐఎఫ్ 11,367 కోట్ల రూపాయలు పెట్టి జియోలో వాటా కొన్నది, మన ఫోన్‌లో సిమ్ ఏదో చూసుకుందాం. 2024 నవంబర్‌లో ఐపీఎల్ వేలం పెట్టింది జెడ్డాలో, మన సిరాజ్‌ను 12.25 కోట్లకు గుజరాత్ ఎత్తుకుపోయింది అక్కడే. ఆ రెండు రోజులూ టీవీ ముందు కూర్చున్నవాళ్ళలో వేలం అక్కడెందుకు అని అడిగినవాణ్ణి నేనైతే చూడలేదు, నేనూ అడగలేదు, హైదరాబాద్ టీమ్ సిరాజ్ కోసం ఎందుకు గట్టిగా పాడలేదన్నదే నా బాధ.

కానీ అడిగేవాడు దొంగైనంత మాత్రాన అడిగిన ప్రశ్న దొంగది కాదు. యువరాజే 2023లో ఒక అమెరికన్ టీవీ ఇంటర్వ్యూలో చెప్పేశారు, స్పోర్ట్స్‌వాషింగ్ (ఆటలతో చెడ్డపేరు కడుక్కోవడం) వల్ల తమ జీడీపీ ఒక శాతం పెరిగితే అది చేస్తూనే ఉంటామని. ఆయనే దాచుకోని దాన్ని మీరెందుకు దాస్తారు?

ప్రశ్న: ప్రభుత్వం చేతిలో టీమ్ ఉంటే తప్పేమిటి? మా నాన్నగారు హైదరాబాద్ సిటీ పోలీస్ టీమ్ ఆట చూసి వచ్చి వారం రోజులు అదే చెప్పేవారు. అదీ సర్కారు టీమే కదా. – విశ్రాంత ఉద్యోగి, అంబర్‌పేట

జవాబు: అయ్యా, మీ ఉత్తరం నన్ను రెండు రోజులు తిప్పింది. 1950 నుంచి 54 దాకా వరసగా ఐదుసార్లు బొంబాయి ఫుట్‌బాల్ టోర్నీ రోవర్స్ కప్ కొట్టిన టీమ్, కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీమ్ సాబ్ చేతిలో తయారైన టీమ్, ఆ తర్వాత భారత జట్టుకు 1962 ఏషియన్ గేమ్స్ బంగారం తెచ్చిన కోచ్ ఆయన. ముందు సులువుగా జవాబు రాసుకున్నాను, అది ఈ నేల మీద పుట్టిన టీమ్, ఎవరూ చెక్కు రాసి కొన్నది కాదు, రాత్రికి రాత్రి స్టార్లను దించలేదు, కాబట్టి పోలికే లేదని. ఆ మాట ఇప్పటికీ నిజమే.

తర్వాత సంవత్సరాలు పక్కపక్కన పెట్టి చూశాను. ఆ టీమ్ మొదటి కప్పులు గెలుస్తున్న రోజుల్లోనే తెలంగాణ పల్లెల్లో పోలీసు క్యాంపు అంటే జనం వణికేవాళ్ళు, సాయుధ పోరాట విరమణ జరిగింది 1951 అక్టోబర్‌లో. నల్లగొండ నుంచి పారిపోయి వచ్చి హైదరాబాద్‌లో తలదాచుకున్నవాడు ఎవడైనా ఆ మ్యాచ్‌కు వెళ్ళి ఉంటే, గోల్ పడ్డప్పుడు ఏం చేసి ఉంటాడు? లేచి అరిచే ఉంటాడని నా అనుమానం. ఆటగాళ్ళకూ ఆ క్యాంపులకూ సంబంధం లేదు, నిజమే, కానీ చొక్కా మీద పేరు పోలీసుదే. మీ నాన్నగారు వారం రోజులు చెప్పిన కబుర్లలో ఈ సంగతి ఎప్పుడైనా వచ్చిందా? గుర్తుంటే రాయండి, అచ్చు వేస్తాను.

ప్రశ్న: మా బాబు పుట్టినరోజుకు పారిస్ ఫుట్‌బాల్ క్లబ్బు పీఎస్‌జీ జెర్సీ కావాలంటున్నాడు. అది ఖతర్ వాళ్ళ క్లబ్బు, కొనొద్దని మా ఆడబిడ్డ. ఏం చేయమంటారు? – ఒక తల్లి, కూకట్‌పల్లి

జవాబు: కొనండమ్మా. పిల్లవాడికి పదేళ్ళు కూడా ఉండవనుకుంటాను, పెద్దయ్యాక పై ఉత్తరాలన్నీ చదివించండి. కోఠి ఫుట్‌పాత్ మీద దొరికేదైతే ఖతర్‌కు పైసా కూడా వెళ్ళదు, మీ ఆడబిడ్డకు ఆ మాట చెప్పండి. సైజు మాత్రం ఒకటి పెద్దది తీసుకోండి, మొదటి ఉతుకుకే కుంచించుకుపోతుంది.