పాత మీటర్లు కొనబోయే మేనల్లుడికి

విజయనగరం,
ఆదివారం రాత్రి.

చిరంజీవి చిన్నాకు మావయ్య ఆశీస్సులు.

ఫోనులో నువ్వు పంపిన ఫొటో చూశాను. జవాబు కూడా ఫోనులోనే చెప్పవచ్చు. కానీ ఇది రెండు ముక్కల్లో తేలే వ్యవహారం కాదు. పైగా నేను సగం చెప్పగానే "సరే మావయ్యా" అని పెట్టేసే అలవాటు నీకుంది. కాగితం మీద రాస్తే చివరిదాకా చదువుతావని ఆశ.

ముందు ఆ ఫొటోలోని నాలుగు వేల రూపాయల పాత సీఆర్వో సంగతి, అదే, కరెంటు అలలను తెర మీద గీతగా చూపించే పరికరం. అమ్మేవాడు సగం డబ్బు ముందే పంపమంటున్నాడన్నావు. పంపకు. ఫొటోను పెద్దది చేసి చూడు. ముందు పలక మీద ఎర్ర దీపం వెలుగుతోంది, తెర మీద గీత లేదు. దీపం వెలగడానికి నాలుగైదు వోల్టులు చాలు. గీత రావాలంటే తెర ట్యూబుకు వేల వోల్టులు అందాలి, దాని వెనక అరడజను సర్క్యూట్లు ఒకదాని తరవాత ఒకటి సరిగ్గా నడవాలి. అమ్మేవాడు గీత చూపించలేదంటే, చూపించడానికి గీత లేదని అర్థం. ఇకమీదట ప్రకటనల్లో "ఆన్ అవుతోంది" అని ఉంటే "పనిచేయదు" అని చదువుకో.

మేడ మీద గదిలో రిపేరు పనికి బల్ల వేసుకున్నావు, ఏ సీఆర్వో కొనాలి అని అడిగావు. నేనైతే సీఆర్వోతో మొదలుపెట్టను. ముందు ఒక మంచి మల్టీమీటరు కొను, అదీ కొత్తది. మిగతావన్నీ పాతవి కొనమని చెప్పే నేను దీన్ని మాత్రం కొత్తది కొనమనడానికి కారణముంది. పాత సామాను కొనేటప్పుడు ప్రతి వస్తువునూ నిలదీయాలి. నిలదీయడానికి అబద్ధమాడని సాక్షి ఒకటి చేతిలో ఉండాలి. ఆ సాక్షే అనుమానాస్పదమైతే మొదటికే మోసం.

పాత మీటరులో ఇంకో ప్రమాదం కూడా ఉంది. ఒకసారి నా దగ్గరకు బాగుచేయమని వచ్చిన మీటరు వెనక మూత తీస్తే, ఫ్యూజు ఉండవలసిన చోట సిగరెట్ పెట్టెలోని వెండి కాగితం చుట్టి పెట్టి ఉంది. మంచి మీటర్లలో ఉండేది లోపల ఇసుక నింపిన పింగాణీ ఫ్యూజు. పొరపాటున ఆంపియర్ల గుంటలో తీగ పెట్టి కరెంటు ప్లగ్గులో గుచ్చినా అది నిప్పును లోపలే ఆర్పేస్తుంది. వెండి కాగితం ఆర్పదు, మీటరు చేతిలోనే పేలుతుంది. అందుకే ఎవరి మీటరు ముట్టుకున్నా నేను మొదట చూసేది ఫ్యూజునే.

మీటరు తరవాత, బజారుకు పోయేటప్పుడు పట్టుకెళ్ళే సంచి ఒకటి తయారుచేసుకో. నా సంచిలో ఉండేవి ఇవి: ఏడీ584 చిప్పు బిగించిన చిన్న పలక, అది 2.5, 5, 7.5, 10 వోల్టులు కచ్చితంగా ఇస్తుంది. ఒక్క శాతం తేడా మించని రెసిస్టర్లు నాలుగైదు. మోటారుసైకిల్ ఇండికేటర్‌కు వేసే 12 వోల్టుల 21 వాట్ల బల్బు. స్క్రూడ్రైవరు, టార్చిలైటు. అన్నిటికన్నా ముఖ్యం సీరీస్ బోర్డు.

సీరీస్ బోర్డు ఎలా చేయాలో నీకు తెలుసు, కానీ వాడవు. 100 వాట్ల ఫిలమెంట్ బల్బు హోల్డరు, దానికి వరసలో ఒక సాకెట్టు, అంతే. అమ్మేవాడి సామానును నేరుగా కరెంటుకు తగిలించకుండా దీనికి తగిలించు. లోపల షార్టు ఉంటే బల్బు నిండుగా వెలుగుతుంది, సామాను బతుకుతుంది. బాగుంటే బల్బు ఒక్కసారి మెరిసి మసకబారుతుంది. ఫోను ఛార్జర్లలో ఉండే రకం స్విచ్‌మోడ్ సప్లై ఉన్నవి మాత్రం బల్బుతో సరిగ్గా మొదలుకాక మిణుకుమిణుకుమంటాయి. అది చూసి చెడిపోయిందనుకోకు.

ఇంత గట్టిగా చెబుతున్నానంటే నాకు దెబ్బ తగిలింది కనుకనే. పాతికేళ్ళ కిందట విశాఖలో పాత ఇనుము కొట్టులో పరీక్షలకు అలలు పుట్టించే విదేశీ సిగ్నల్ జనరేటర్ ఒకటి దొరికింది. గాజుపలకలా మెరుస్తోంది, బరువైన నాబులు, తిప్పితే వెన్నలా తిరుగుతున్నాయి. ఆ మురిపెంలో ఇంటికి తెచ్చి ప్లగ్గు పెట్టాను. వెనక చిన్న ఎర్ర స్విచ్చు మన 230 దగ్గర కాక అమెరికా 115 వోల్టుల దగ్గర ఉందని పొగ వచ్చాక చూశాను. అయినా ఫ్యూజు కాపాడాలి కదా అని దాన్ని విప్పితే, గాజు గొట్టానికి బయట రాగి తీగ రెండు చుట్లు చుట్టి ఉంది. ట్రాన్స్‌ఫార్మర్ కాలిన వాసన మూడు రోజులు పోలేదు. మీ అత్త ఆ సంగతి ఇప్పటికీ ఇంటికి వచ్చిన ప్రతివాళ్ళకూ చెబుతుంది.

అమెరికా నుంచి వచ్చిన ఏ సామానుకైనా ముందు వెనక్కి తిప్పి ఆ స్విచ్చు చూడు. తరవాత ఫ్యూజు విప్పు. ఆ తరవాతే ప్లగ్గు. దశాబ్దాల నాటి సామానులో కరెంటు లోపలికి వచ్చే చోట తేనె రంగు ప్లాస్టిక్‌లో పోతపోసిన కాగితపు కెపాసిటర్లు ఉంటాయి. వాటి మీద సన్నని పగుళ్ళు కనిపిస్తే ఆన్ చేయకుండానే మార్చేయాలి. తేమ పీల్చుకుని ఏదో ఒక రోజు పొగలు కక్కడం వాటి గుణం.

తేమ అంటే గుర్తొచ్చింది. మనది సముద్రపు గాలి. 2014 అక్టోబరులో హుద్‌హుద్, 2018 అక్టోబరులో తిత్లీ వచ్చినప్పుడు ఎన్ని ఇళ్ళలో, కొట్లలో వాన నీళ్ళు చేరాయో మనం చూశాం. తడిసిన సామాను తుడిస్తే బయటికి కొత్తదానిలాగే ఉంటుంది. టార్చి వేసి గాలి రంధ్రాల్లోంచి చూడు. స్క్రూ తలల చుట్టూ పచ్చని చిలుము, అడుగున ఎండిన బురద చార కనిపిస్తే ఉచితంగా ఇచ్చినా తెచ్చుకోకు.

ఇప్పుడు సీఆర్వో. రేడియో, యాంప్లిఫయర్, ఛార్జర్ల పనికి 20 లేదా 30 మెగాహెర్ట్జ్‌ల రెండు ఛానెళ్ళ పాత సీఆర్వో దివ్యంగా సరిపోతుంది. ఇండోర్‌లో తయారైన సైంటిఫిక్ వారివి, ముంబయి వైపు నుంచి వచ్చిన ఆప్లాబ్ వారివి మన కళాశాలల ల్యాబుల్లో బాగా తిరిగాయి, వాటి గురించి తెలిసిన మెకానిక్కులు ఇంకా ఉన్నారు. నీకు ప్రోగ్రాం రాసి నడిపే చిప్పుల, అదే మైక్రోకంట్రోలర్ల, పిచ్చి ఎక్కువైతే మాత్రం ఇది చాలదు. ఒక్కసారి వచ్చిపోయే సంకేతాన్ని పాత తెర పట్టి ఉంచలేదు. దానికి కొన్ని వందల రూపాయల లాజిక్ ఎనలైజర్ పలక ఒకటి కంప్యూటర్‌కు తగిలించుకో, సగం అవసరం తీరుతుంది. తొలితరం డిజిటల్ సీఆర్వోలు చవకగా వస్తే ఆశపడకు, వాటి జ్ఞాపకశక్తి నాకన్నా తక్కువ.

కొట్టులో సీఆర్వోను ఇలా చూడు. ఆన్ చేసి ఇరవై నిమిషాలు కబుర్లు చెప్పు. చల్లగా ఉన్నప్పుడు బుద్ధిగా ఉండి, వేడెక్కాక గీత జారిపోయేవి ఉంటాయి. బ్రైట్‌నెస్ నాబు సగంలో ఉండగా గీత సన్నగా, స్పష్టంగా కనిపించాలి. చివరికంటా తిప్పితే తప్ప కనిపించదంటే ట్యూబు ముసలిదైపోయింది, దానికి మందు లేదు. తరవాత సీఆర్వో కొలత తీగ, అదే ప్రోబు, దాని కొనను వేలితో ముట్టుకో. ఇంటి కరెంటు అలలు తెర మీదకు వస్తాయి. మన కరెంటు 50 హెర్ట్జ్, అంటే ఒక్కో అలకు 20 మిల్లీసెకన్లు. టైము నాబును 5 మిల్లీసెకన్ల దగ్గర పెడితే ఒక అల సరిగ్గా నాలుగు గళ్ళు పట్టాలి. పైసా ఖర్చు లేని పరీక్ష ఇది. ఆ తరవాత ఏడీ584 పలక నుంచి 5 వోల్టులు ఇచ్చి, గడికి ఒక వోల్టు పెడితే గీత అయిదు గళ్ళు ఎగరాలి. ప్రోబు మీది స్విచ్చు ఒకటి దగ్గర ఉందో పది దగ్గర ఉందో చూసుకో. పది దగ్గర ఉంటే సంకేతం పదో వంతుకు తగ్గి అరగడి మాత్రమే ఎగురుతుంది, నువ్వు కంగారుపడతావు. నాబులు తిప్పుతున్నప్పుడు గీత చిటపటలాడితే భయం లేదు, కాంటాక్ట్ క్లీనరుతో పోతుంది. ఒకే ఒక్క మెట్టు దగ్గర కొలత తప్పితే లోపల భాగమేదో పోయింది, బేరం దించు.

టైము నాబు నడుమ ఇంకో చిన్న నాబు ఉంటుంది. అది "కాల్" (క్యాలిబ్రేషన్, అంటే కొలత సరిపోయే స్థానం) అని రాసిన చోట లేకపోతే గళ్ళ లెక్కలన్నీ తప్పుతాయి. నేను ఇప్పుడు వాడుతున్న సీఆర్వో అలాగే నా చేతికి వచ్చింది. ఒక ల్యాబువాళ్ళు దాని మీద "కొలతలు తప్పు" అని చీటీ అంటించి తీసేశారు, అది తూకానికి పాత ఇనుము కొట్టుకు చేరింది. నేను వేలు పెట్టి చూస్తే అల గళ్ళ లెక్క తప్పింది. చిన్న నాబు తిప్పాను, టక్కుమని నాలుగు గళ్ళకు వచ్చి కూర్చుంది. రెండున్నర వేలకు తీసుకున్నాను. డబ్బు ఇచ్చేశాక ఉండబట్టలేక కొట్టాయనకు అసలు సంగతి చెప్పాను. ఆయన నవ్వి టీ తెప్పించాడు. అప్పటినుంచి అలాంటి సామాను వస్తే ముందు నాకే ఫోను చేస్తాడు. నిజానికి చవకంటే ఇదే, అమ్మేవాడికి తెలియనిది నీకు ఒకటి తెలిసి ఉండాలి. అది లేనప్పుడు నువ్వు ఆడే బేరమంతా గొంతు చించుకోవడమే.

పవర్ సప్లై అయితే ఇంకా తేలిక. 12 వోల్టులకు పెట్టి ఇండికేటర్ బల్బు తగిలించు, అది దాదాపు ఒకటి ముప్పావు ఆంపియర్ లాగుతుంది. వోల్టేజి కదలకూడదు. అప్పుడే మీటరును ఏసీ మిల్లీవోల్టులకు మార్చి చూడు. నాలుగైదు చూపిస్తే సరే, వందల్లో చూపిస్తే లోపలి ఎలెక్ట్రోలైటిక్ కెపాసిటర్లు ఎండిపోయాయి. అవి మార్చడం ఒక పూట పని. నీ చేతనయ్యే జబ్బు ఉన్న సామానే నీకు లాభం.

ఎక్కడ వెతకాలంటావా. ప్రభుత్వ సంస్థలు, పెద్ద కర్మాగారాలు తీసేసిన సామానును ఎంఎస్‌టీసీ అనే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఆన్‌లైన్ వేలంలో పెడతాయి. ధరావత్తు కట్టాలి, గుట్ట మొత్తం కొనాలి, లారీ తేవాలి, మనవల్ల కాదు. కానీ ఆ గుట్టలు కొనేవాళ్ళు విశాఖలో ఉన్నారు, విడిగా అమ్ముతారు. వాళ్ళతో పరిచయం పెంచుకో. మన రెండు జిల్లాల్లో మూతపడుతున్న టీవీ మెకానిక్కుల కొట్లు ఇంకో దారి. అక్కడ పాత టీవీల తెర సరిచూసే ప్యాటర్న్ జనరేటర్ చూపిస్తారు, వద్దు, దానికి తగిన టీవీ కూడా ఇప్పుడు లేదు. వోల్టేజిని కావలసినంతకు తిప్పుకునే డిమ్మర్‌స్టాట్ ఉందా, సామానును ఇంటి కరెంటు నుంచి విడదీసే ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ ఉందా అని అడుగు. ఆ రెండూ తొందరగా చెడవు. ఆ ముసలి మెకానిక్కుల దగ్గర మాత్రం గీచి గీచి బేరమాడకు. అడిగినంత ఇచ్చి అరగంట కూర్చుంటే, డబ్బా నిండా ట్రాన్సిస్టర్లు ఊరికే చేతిలో పెడతారు.

మిగతా చోట్ల అడగందే అమ్మయినా పెట్టదు. ప్రోబులు, కరెంటు తీగ, మాన్యువల్ ఉన్నాయా అని డబ్బు తీయకముందే అడుగు. ఏనుగును కొని అంకుశానికి పేచీ పెట్టవద్దంటారు కానీ, ఇక్కడ అంకుశం లేకపోతే ఏనుగు కదలదు. పాత హ్యూలెట్ ప్యాకార్డ్, టెక్‌ట్రానిక్స్ సామానుకు పూర్తి సర్క్యూట్లతో సర్వీస్ మాన్యువళ్ళు దొరుకుతాయి. హ్యూలెట్ ప్యాకార్డ్ కొలత పరికరాల విభాగం 1999లో ఎజిలెంట్ అయింది, 2014లో కీసైట్ అయింది. కాబట్టి ఒకే సామాను కోసం మూడు పేర్లతోనూ వెతుకు, ఒక్కో పేరు కింద ఒక్కో ధర కనిపిస్తుంది.

సంకేతంలో ఏయే ఫ్రీక్వెన్సీలు ఉన్నాయో చూపే స్పెక్ట్రమ్ ఎనలైజర్ వంటివాటి జోలికి ఇప్పుడే పోకు. కొలతల సవరణలను చిన్న లిథియం బ్యాటరీ మీద దాచుకునే పరికరాలు ఉంటాయి. ఆ బ్యాటరీ అయిపోయిన రోజున మతిమరుపు వస్తుంది.

ఒక్క విషయంలో మాత్రం నా మాట జవదాటకు. సీఆర్వో ప్రోబు నల్ల క్లిప్పు నేరుగా ఇంటి ఎర్తుకు కలిసి ఉంటుంది. ఛార్జరు లోపలి కరెంటు వైపు దాన్ని తగిలిస్తే ఢామ్మంటుంది. కొందరు తెలివిగా సీఆర్వో ప్లగ్గు ఎర్తు కాలు విరిచేస్తారు. అప్పుడు సీఆర్వో ఒళ్ళంతా కరెంటే. ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్‌ను రిపేరు చేసే సామానుకు పెట్టు, సీఆర్వోకు కాదు. మీ ఇంటి మేడ మీది ప్లగ్గుల్లో అసలు ఎర్తు ఉందో లేదో ఈ వారమే చూడు.

వచ్చే ఆదివారం శ్రీకాకుళం రోడ్డు స్టేషనులో పొద్దున్నే రైలెక్కి రా. ఇద్దరం విశాఖ వెళదాం. ఒక పాత బొంత తెచ్చుకో, సీఆర్వో దొరికితే అందులో చుట్టి ఒళ్ళో పెట్టుకుని తేవాలి, పై అరలో పెడితే ట్యూబు మెడ విరుగుతుంది. మీ అమ్మకు మాత్రం బొంత ఎందుకో చెప్పకు. నా సీరీస్ బోర్డు బల్బు నిన్ననే పోయింది. ఇక్కడ అడిగిన ప్రతి కొట్టులోనూ ఎల్ఈడీ చేతిలో పెడుతున్నారు, అది దీనికి పనికిరాదు. మీ ఊళ్ళో పాత కొట్టులో 100 వాట్ల ఫిలమెంట్ బల్బు దొరికితే రెండు పట్టుకురా.

ఆశీస్సులతో,
మావయ్య