నేవీని పిలవమని జనం అడిగిన రోజున

అమ్మలూ,

భీమిలి డివిజన్‌లో తహసీల్దారుగా చేరగానే నువ్వు ఫోన్లో అడిగిన ప్రశ్న నా బుర్రలో ఇంకా తిరుగుతూనే ఉంది. "అత్తా, ఏదైనా గొడవ చేయి దాటితే పక్కనే ఇంత పెద్ద నేవీ ఉంది కదా, వాళ్ళకో ఫోన్ కొడితే సరిపోదా?" అన్నావు. సరిపోదు. ఎందుకు సరిపోదో ఫోన్లో తేలే సంగతి కాదు, అందుకే ఉత్తరం రాస్తున్నాను. మీ బ్యాచ్‌లో మిగతా తహసీల్దార్లకు కూడా చూపించు. శిక్షణలో దీనికి ఒక్క పూట కూడా కేటాయించరు.

మన విశాఖలో నీలాంటి అధికారికి ఉండే ఇబ్బంది వేరే జిల్లాల వాళ్ళకు ఉండదు. తూర్పు నౌకాదళ ప్రధాన కేంద్రం ఇక్కడే ఉంది. విమానాశ్రయం వాళ్ళతో పంచుకున్నాం, డాక్‌యార్డు గోడ వెంట బస్సుల్లో తిరిగి పెరిగాం. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చిపోయాక సహాయం కోసం రోడ్ల మీదికి వచ్చినవాళ్ళలో నేవీ మనుషులూ ఉన్నారు. 2020 మే 7 వేకువన ఆర్ఆర్ వెంకటాపురంలో గ్యాస్ లీకైనప్పుడూ జిల్లా యంత్రాంగానికి నేవీ సాయం అందింది. అందుకే ఏ కూడలిలో నాలుగు రాళ్ళు పడినా "నేవీని దింపేయండి మేడమ్" అని ఎవరో ఒకరు అంటారు. వాళ్ళది నమ్మకం, తప్పు పట్టకు. కానీ కూలిన చెట్టు తీయడానికి రావడం వేరు, మనిషి మీద బలం వాడడానికి రావడం వేరు. మొదటిది విపత్తు నిర్వహణ. అక్కడ కలెక్టరు అడుగుతారు, అత్యవసరమైతే స్థానిక కమాండరు వెంటనే కదిలి పైకి తర్వాత రిపోర్టు చేస్తారు. రెండోదానికి చట్టం కట్టిన గట్లు చాలా ఉన్నాయి. ఈ రెండూ నీ మనసులో ఎప్పుడూ కలిసిపోకూడదు.

రాజ్యాంగం సంగతి క్లుప్తంగా చెప్తాను, నీకు తెలిసిందే. శాంతిభద్రతలు, పోలీసు రాష్ట్రాల జాబితాలో ఉన్నాయి. అయితే ఆ జాబితాలో మొదటి పద్దులోనే, పౌర అధికారానికి సాయంగా సైన్యాన్ని, నౌకాదళాన్ని, వైమానిక దళాన్ని వాడడం ఇందులోకి రాదని రాసి పెట్టారు. ఆ అధికారం కేంద్రం జాబితాలో 2ఎ పద్దు కింద ఉంది, 1976లో 42వ సవరణతో చేర్చారు. కాబట్టి ముఖ్యమంత్రి తలుచుకున్నా నౌకాదళాన్ని తన పోలీసులా పంపలేరు. సాయం అడగాలి.

నీకు రోజూ పనికొచ్చేది బీఎన్ఎస్ఎస్, అంటే భారతీయ నాగరిక్ సురక్షా సంహిత. నేను సర్వీసంతా దానికి ముందున్న సీఆర్పీసీతో, అంటే పాత నేర విచారణ స్మృతితో గడిపాను. 2024 జూలై 1 నుంచి గుంపుల్ని చెదరగొట్టడం గురించిన మా 129, 130, 131, 132 సెక్షన్లు మీకు 148, 149, 150, 151 అయ్యాయి. మారింది నంబర్లే అనుకుంటే దెబ్బ తింటావు. పాత 130లో, గుంపు ఉన్న చోట హాజరుగా ఉన్న ఎగ్జిక్యూటివ్ మెజిస్ట్రేట్లలో (అంటే మెజిస్ట్రేట్ అధికారాలున్న మనలాంటి రెవెన్యూ అధికారుల్లో) పై హోదా ఎవరిదైతే వాళ్ళు సైన్యం సాయం కోరవచ్చు. అంటే మండలంలో నేనొక్కదాన్నే ఉంటే ఆ అధికారం నాదే. ఇప్పుడు 149 ప్రకారం జిల్లా మెజిస్ట్రేట్, అంటే కలెక్టరు గానీ, ఆయన అధికారమిచ్చిన మరో ఎగ్జిక్యూటివ్ మెజిస్ట్రేట్ గానీ మాత్రమే కోరగలరు. తహసీల్దారు కుర్చీలో కూర్చున్నంత మాత్రాన ఆ అధికారం నీకు రాలేదు. కలెక్టరు ప్రొసీడింగ్స్, అంటే రాతపూర్వక ఉత్తర్వు, నీ చేతిలో లేకుండా నువ్వు సంతకం పెట్టే రిక్విజిషన్ (సైన్యం సాయం కోరే కాగితం) చెల్లదు. దానికి తోడు మనది పోలీసు కమిషనరు కింద నడిచే కమిషనరేట్. ఎగ్జిక్యూటివ్ మెజిస్ట్రేట్ అధికారాల్లో ఏవి పోలీసు కమిషనరుకు ఇవ్వాలన్నది ప్రభుత్వం నిర్ణయిస్తుంది. నీ మండలంలో ఏ ఊరు ఏ స్టేషను కిందికి వస్తుందో, ఎక్కడ ఎవరి ఉత్తర్వు చెల్లుతుందో గొడవ రోజున వెతుక్కోకూడదు.

ఇక 149 గడప దాటాలంటే ముందు 148 పూర్తిగా నడవాలి. చెదిరిపొమ్మని ఆదేశించాలి. వినకపోతే పోలీసు బలం వాడాలి. ఇంకే విధంగానూ చెదరగొట్టలేమనీ, ప్రజల భద్రత కోసం చెదరగొట్టక తప్పదనీ రెండూ తేలాలి. ఒక్కటి తేలితే చాలదు. గుంపు పెద్దదిగా ఉందనో, నినాదాలు ఘాటుగా ఉన్నాయనో సైన్యాన్ని పిలవడానికి వీల్లేదు. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తేవద్దు. 2022 జనవరిలో రింగు వలల విషయమై మన తీరంలో జాలర్ల మధ్య గొడవలై పడవలు తగలబడ్డాయి, గుర్తుందా? పెట్టింది 144, నిలబెట్టింది పోలీసు పికెట్లు, తర్వాత ఇరువైపులా పెద్దలతో అధికారుల చర్చలు. నేవీ గేటు అక్కడికి ఎంతో దూరం లేదు. దగ్గరగా ఉండడం ఒక కారణం కాదు.

ప్రయత్నించామని చెబితే సరిపోదు, కాగితం మీద కనబడాలి. నేను ఎప్పుడు బందోబస్తుకు వెళ్ళినా చేతిసంచిలో పాకెట్ నోట్‌బుక్ ఉండేది. ఒకసారి హైవే మీద లారీ గుద్ది కాలేజీ కుర్రాడు పోయాడు. శవాన్ని రోడ్డు మీదే ఉంచి ఊరంతా బైఠాయించింది. సాయంత్రానికి రెండు బస్సుల అద్దాలు పగిలాయి. నా పక్కన నిలబడ్డ పెద్దమనుషులే నేవీ అన్నారు. నేను నోట్‌బుక్ తీసి రాస్తూ పోయాను: మైకులో మొదటిసారి ఎన్ని గంటలకు చెప్పాం, ఎవరు చెప్పారు, ఏ మాటలు వాడారు, జనం ఎంత వెనక్కి జరిగారు, ఏ సందులోంచి రాళ్ళు వచ్చాయి. రెండోసారి అనౌన్స్‌మెంట్ అయ్యాక ఆ కుర్రాడి మేనమామతో డివైడర్ మీద కూర్చుని మాట్లాడాను. ఆయనకు కావలసింది లారీ డ్రైవరు మీద కేసు కట్టారన్న రుజువు. సీఐ ఎఫ్ఐఆర్ కాపీ తెప్పించి ఆయన చేతిలో పెట్టాడు. ఆయన లేచాక మిగతావాళ్ళూ లేచారు. ఒకవేళ లేవకపోయినా, ఆ పేజీ చూసిన ఏ జడ్జికైనా మేం ఏమేం ప్రయత్నించామో నిమిషాలతో సహా తెలిసేది.

అన్నీ అయిపోయి, నిజంగానే పిలవక తప్పని రోజు వచ్చిందనుకో. రిక్విజిషన్ రాతలో ఉండాలి. ఊపిరి సలపని పరిస్థితిలో నోటిమాటగా అడిగినా, వీలు దొరగ్గానే రాసి ఇవ్వాలి. కాగితం మీద తేదీ, గంట, నిమిషం వెయ్యి. నీ పేరు, హోదా, నీకు అధికారమిచ్చిన ప్రొసీడింగ్స్ నంబరు రాయి. స్థలం రాసేటప్పుడు "మధురవాడ ప్రాంతం" అని వదిలెయ్యకు. ఏ కూడలి నుంచి ఏ కూడలి దాకా అన్నది రాయి. అప్పటిదాకా పోలీసులు ఏం చేశారో, ఎందుకు చాలలేదో రెండు మూడు వాక్యాలు చాలు. వాళ్ళను కోరేది ఏమిటో ఒక్క వాక్యంలో ఉండాలి: ఫలానా గుంపును చెదరగొట్టడానికి సాయం కావాలి. అంతే. "తగిన చర్య తీసుకోగలరు" అనే మన ఆఫీసు వాక్యం ఈ కాగితంలో పడనివ్వకు. దాని కింద ఎవరైనా ఏదైనా చేయవచ్చు, తర్వాత సంజాయిషీ నువ్వు చెప్పుకోవాలి.

వాళ్ళు వచ్చాక పని పంపకం ఎలా ఉంటుందో బాగా అర్థం చేసుకో. ఏం కావాలన్నది నువ్వు చెప్తావు. ఎలా చెయ్యాలన్నది ఆ దళం అధికారి చూసుకుంటారు. చట్టం ఆయనకు ఆ స్వేచ్ఛ ఇస్తూనే కట్టడి కూడా పెట్టింది. గుంపును చెదరగొట్టడానికి ఎంత అవసరమో అంతే బలం వాడాలి, మనుషులకూ ఆస్తికీ వీలైనంత తక్కువ హాని జరగాలి. నువ్వు ఆయన చెయ్యి పట్టుకుని కాల్చమనకూడదు, కాల్చకుండా ఎలా చెయ్యాలో పాఠం చెప్పనూకూడదు. అవసరమైనవాళ్ళను పట్టుకుని నిర్బంధించవచ్చు, అక్కడితో వాళ్ళ పని సరి. ఇల్లిల్లూ సోదా చెయ్యమనీ, వీడియోలు చూసి నిందితుల్ని గుర్తించమనీ, వాంగ్మూలాలు తీసుకోమనీ అడగకు. దర్యాప్తు పోలీసులది. పట్టుకున్నవాళ్ళు పోలీసుల చేతికి వచ్చి, 24 గంటల్లోగా కోర్టు ముందుకు వెళ్ళాలి. కర్ఫ్యూ ఉత్తర్వు కూడా మనవైపు నుంచే వస్తుంది. ఫ్లాగ్ మార్చ్ అంటే దళం వీధుల్లో కనబడడమే, ఆ దారిలో ఇళ్ళ తలుపులు తట్టే హక్కు దాంతో రాదు.

నువ్వు మాత్రం అక్కడే ఉండాలి. ఈ మాట మీద నేను పట్టుబడతాను. కాగితం ఇచ్చేసి జీపెక్కి ఆఫీసుకు పోయే అధికారులు ఉంటారు. 1919 ఏప్రిల్‌లో అమృత్‌సర్‌లో డిప్యూటీ కమిషనరు మైల్స్ ఇర్వింగ్ ఊరిని సైన్యానికి అప్పగించేశాడు. 13న సైన్యాధికారి డయ్యర్ జలియన్‌వాలా బాగ్‌లోకి వెళ్ళినప్పుడు ఆగమని చెప్పగల పౌర అధికారి పక్కన లేడు. హెచ్చరిక లేదు. పది నిమిషాల పాటు 1650 రౌండ్లు కాల్చారు. ప్రభుత్వం ఒప్పుకున్న లెక్కలోనే 379 మంది చచ్చిపోయారు. తర్వాత విచారణ జరిపిన హంటర్ కమిటీ డయ్యర్‌ను తప్పుపట్టింది ముఖ్యంగా రెండింటికి: హెచ్చరించకపోవడం, జనం పారిపోతున్నా ఆపకపోవడం. జనం చెదిరిన క్షణాన్ని గుర్తించి "మా పని అయింది" అని చెప్పడానికే నువ్వు అక్కడ నిలబడేది. ఆ టైమూ నోట్‌బుక్‌లో రాయి.

150 సెక్షన్ ఒకటి ఉంది, దాన్ని తేలిగ్గా తీసుకోకు. ప్రజల భద్రతకు కళ్ళెదుటే ముప్పు ఉండి, ఏ ఎగ్జిక్యూటివ్ మెజిస్ట్రేటూ అందుబాటులోకి రాకపోతే, కమిషన్డ్ లేదా గెజిటెడ్ హోదా ఉన్న సాయుధ దళ అధికారి తనంతట తానే గుంపును చెదరగొట్టవచ్చు. మెజిస్ట్రేట్ దొరికిన క్షణం నుంచి మాత్రం కొనసాగించాలా ఆపాలా అన్నది మెజిస్ట్రేట్ మాట ప్రకారమే. అంటే నీ ఫోన్లో చార్జింగ్ అయిపోతే, ఒక ఊరి విషయంలో చట్టం నీకిచ్చిన నిర్ణయం ఇంకొకరి చేతికి పోతుంది. పవర్ బ్యాంకు, రెండో సిమ్ము, ఎస్సై దగ్గర నీ ఇంటి నంబరు... ఇవన్నీ డ్యూటీలో భాగమే.

151లో సాయుధ దళాలంటే నేల మీద పనిచేసే సైనిక, నౌకా, వైమానిక దళాలు, అలాగే పనిచేసే కేంద్రం తాలూకు ఇతర సాయుధ దళాలు కూడా. స్టీల్ ప్లాంటులో, పోర్టులో మనకు రోజూ కనబడే పారిశ్రామిక భద్రతా దళం సీఐఎస్ఎఫ్ కేంద్రానిదే. ఏపీఎస్పీ (ప్రత్యేక పోలీసు), ఏఆర్ (సాయుధ రిజర్వు పోలీసు) మన రాష్ట్రానివి. తెలియక కలగలిపి రాసే రిపోర్టులు చాలా చూశాను. సముద్రం మీద లెక్క వేరు. అక్కడ కోస్ట్‌గార్డుకు, 2022 నాటి సముద్రపు దొంగతనాల నిరోధక చట్టం కింద నేవీకి వేరే అధికారాలున్నాయి. అవి ఒడ్డు దాటి వీధుల్లోకి రావు.

నువ్వు ఇంకోటి కూడా అడిగావు, ఈశాన్యంలో సైన్యం మెజిస్ట్రేట్ లేకుండానే పనిచేస్తుంది కదా అని. అది 1958 నాటి సాయుధ దళాల ప్రత్యేక అధికారాల చట్టం. కల్లోలిత ప్రాంతమని ప్రకటించిన చోటే వర్తిస్తుంది, మన విశాఖలో లేదు. దాన్ని 1997లో సుప్రీంకోర్టు సమర్థిస్తూనే, సైన్యం పౌర యంత్రాంగానికి సాయమే తప్ప దాని స్థానాన్ని ఆక్రమించకూడదని చెప్పింది. అలా చెప్పాక కూడా 2021 డిసెంబర్ 4న నాగాలాండ్‌లోని ఓటింగ్ దగ్గర బొగ్గు గని పని నుంచి ఇంటికి పోతున్న కూలీల మీద సైనికులు తూటాలు పేల్చారు. ఆరుగురు అక్కడికక్కడే పోయారు. ప్రాసిక్యూషన్‌కు కేంద్రం అనుమతి ఇవ్వలేదు. మన 151లోనూ అలాంటి అనుమతి నిబంధన ఉంది. సైనికుడి మీద కేసు నడవాలంటే కేంద్రం ఒప్పుకోవాలి. పిలిచే ముందు నువ్వు ఇది తలుచుకోవాలి. ఒకసారి తుపాకీ పేలితే, పోయినవాడి తల్లికి కోర్టు మెట్లెక్కడం కూడా కష్టమే.

అమెరికాలో ఉన్న మీ తమ్ముడు ఈ మధ్య అక్కడి గొడవలు చెబుతుంటే విన్నాను. వాళ్ళు 1878లోనే, చట్టం అనుమతిస్తే తప్ప సైన్యంతో పోలీసు పని చేయించకూడదని చట్టం చేసుకున్నారు. నేవీ పేరు అందులోకి ఎక్కింది మాత్రం 2021 చివర్లో. 1992 లాస్ ఏంజెలెస్ అల్లర్లప్పుడు కాంప్టన్‌లో ఒక ఇంటి దగ్గర పోలీసులు, తాము ముందుకు వెళ్తాం, వెనక నుంచి కాపు కాయమన్నారు. వెంట ఉన్న మెరీన్లు తమ యుద్ధ శిక్షణ ప్రకారం ఆ ఇంటి మీదికి రెండు వందలకు పైగా తూటాలు పేల్చారు. అదృష్టం కొద్దీ ఎవరికీ తగల్లేదు. వాళ్ళు చెడ్డవాళ్ళని కాదు, నేర్చుకున్న పనే చేశారు. మన నేవీ కుర్రాళ్ళూ శత్రువు కోసం తయారైనవాళ్ళు. జాలరిపేట కుర్రాళ్ళ ఎదుట వాళ్ళను నిలబెట్టడం ఇద్దరికీ అన్యాయం.

వచ్చే సోమవారం గ్రీవెన్స్‌కు కలెక్టరేట్‌కు వెళ్తావు కదా. మెజిస్టీరియల్ సెక్షన్‌లో అడిగి, 149 కింద కలెక్టరు ఎవరెవరికి అధికారమిస్తూ ఉత్తర్వు ఇచ్చారో కాపీ తీసుకో. అసలు ఉత్తర్వే లేకపోతే, ఇవ్వాలో వద్దో తేల్చమని ఫైలు పెట్టు. కమిషనరేట్ హద్దుల నోటిఫికేషన్ కూడా తెచ్చుకో. రెండూ తెచ్చాక ఒక ఆదివారం ఇంటికి రా, రిక్విజిషన్ నమూనా కూర్చుని రాద్దాం. మీ ఎస్సైని కూడా తీసుకురా, భోజనం ఇక్కడే.

ప్రేమతో,
మీ అత్త
విశాఖపట్నం