సందేహాలు – సమాధానాలు: ‘జన్యురహిత’ నూనె ఉంటుందా?

సందేహం: మా ఆదోనిలో ఒక కిరాణా కొట్టు ముందు ‘జన్యురహిత నూనెలు లభించును’ అని బోర్డు పెట్టారు. పత్రికల్లోనేమో జన్యుమార్పిడి, జన్యుపరివర్తిత, జన్యుసవరణ, సంకరం, బీటీ అని రకరకాలుగా రాస్తున్నారు. ఇవన్నీ ఒకటేనా? కొనేటప్పుడు ఏ మాటతో అడగాలి?
– ఒక పాఠకుడు, ఆదోని

సమాధానం: ఒకటి కావు. ముందు ఆ బోర్డు సంగతి చూద్దాం. జన్యువులు లేని పంటంటూ లేదు. కందులకూ ఉంటాయి, కొర్రలకూ ఉంటాయి, బుడ్డలకూ (వేరుశనగకూ) ఉంటాయి. ‘నాన్ జీఎం’ (జన్యుమార్పిడి లేనిది; జీఎం అంటే జెనెటికల్లీ మాడిఫైడ్) అన్నదాన్ని తెలుగు చేయబోయి ‘మార్పిడి’ని మింగేస్తే మిగిలిన మాట ఇది. తమాషా ఏమిటంటే, రిఫైన్డ్ నూనె విషయంలో ఈ తప్పు మాట దాదాపు నిజమే. గింజను ఆడి, జిగురు తీసి, రంగు విరిచి, ఆవిరి పట్టించి వాసన పోగొట్టాక ఆ నూనెలో డీఎన్ఏ గానీ ప్రొటీన్ గానీ మిగిలేది నామమాత్రం. గింజ ఏ రకానిదైనా సీసాలోని నూనెను చూసి చెప్పడం కష్టం. కాబట్టి కొట్టతను చెప్పదలచుకున్నది గింజ గురించి. ‘జన్యుమార్పిడి లేని గింజల నూనె’ అని రాయిస్తే సరిపోతుంది.

‘మార్పిడి’ చక్కని మాట. మార్పు వేరు, మార్పిడి వేరు. నోట్ల మార్పిడి, కుండమార్పిడి, మూత్రపిండ మార్పిడి – అన్నిటిలోనూ ఒకచోటిది ఇంకోచోటికి చేరడం ఉంది. ఒక జీవిలోని జన్యువును తీసి ఇంకో జీవిలో పెట్టడానికి ఇంతకన్నా మంచి పేరు దొరకదు. సంస్కృతానికి తెలుగు అతికించారని కొందరు ముక్కు విరుస్తారు గానీ, ‘మత మార్పిడి’కి లేని అభ్యంతరం దీనికెందుకు? కలిపే రాయండి: జన్యుమార్పిడి. ‘జన్యుమార్పిడి చేసిన ఆహారం’ అని మాత్రం వద్దు. మార్పిడి జరిగింది పంటకు, వండిన కూరకు కాదు. ‘జన్యుమార్పిడి పంటల ఆహారం’ అనాలి.

‘జన్యుపరివర్తిత’ తప్పు కాదు, బరువు. పైగా మ్యుటేషన్‌ను (జన్యువులో వచ్చే మార్పును) బడి పుస్తకాలు ‘ఉత్పరివర్తనం’ అంటాయి కాబట్టి రెండూ కలగాపులగం అవుతాయి. దాన్ని వదిలేయడమే మేలు.

అసలు చిక్కంతా సంకరం, బీటీల దగ్గర. నంద్యాల, ఆళ్లగడ్డ వైపు సీడు పత్తి చేలల్లో క్రాసింగ్ చూసినవారికి ఇది సులువుగా అర్థమవుతుంది. మర్నాడు విచ్చుకోబోయే మొగ్గను సాయంత్రం పూట ఎంచి, రేకుల్నీ పుప్పొడి తిత్తుల్నీ గోటితో ఒలిచి, కీలాగ్రాన్ని (పువ్వులోని ఆడభాగం కొసను) మాత్రం ఉంచుతారు. పొద్దున్నే మగ చెట్ల పువ్వు తెచ్చి దానికి రుద్దుతారు. ఇది సంకరం, అంటే హైబ్రిడ్. పత్తికి పత్తితోనే పెళ్లి. బీటీ అలా కాదు. మట్టిలో ఉండే బాసిల్లస్ తురింజియెన్సిస్ అనే బాక్టీరియా జన్యువును ప్రయోగశాలలో పత్తిలో చేర్చారు. ఆ బాక్టీరియా పేరులోని పొడి అక్షరాలే బీటీ (మన ఊళ్ల బీటీ రోడ్డుతో దీనికి చుట్టరికం లేదు). మనకు అమ్మే పత్తి విత్తనాల సంచుల్లో సాధారణంగా సంకరం, మార్పిడి రెండూ కలిసే వస్తాయి. అందుకే జనం నోట ‘హైబ్రిడ్ అంటే బీటీయే’ అన్న మాట స్థిరపడింది. స్థిరపడినా తప్పు తప్పే. హైబ్రిడ్ టమోటా, అనంతపురం బొప్పాయి తోటల్లోని రెడ్ లేడీ, గింజల్లేని ద్రాక్ష – వీటిలో జన్యుమార్పిడి ఏదీ లేదు. పులివెందుల అరటి టిష్యూ కల్చర్ మొక్కలతో వచ్చేది; ఒకే మొక్క కణజాలం నుంచి వేల మొక్కలు తీయడమే అది, అందులో కొత్త జన్యువు చేరదు. ‘నాటు’ అన్న మాట కూడా హైబ్రిడ్‌కే ఎదురు, జన్యుమార్పిడికి కాదు.

మన దేశంలో రైతుల వాణిజ్య సాగుకు చేరిన జన్యుమార్పిడి పంట ఒక్క బీటీ పత్తే, 2002 నుంచి. బీటీ వంకాయను 2010 ఫిబ్రవరి 9న కేంద్రం ఆపేసింది. కాబట్టి కూరగాయల బండి దగ్గర ‘ఇది జన్యుమార్పిడిదా?’ అని గుచ్చిగుచ్చి అడగడం వృథా. అడగవలసింది నూనెల కొట్లో. పత్తి గింజల నూనె, బయటి దేశాల నుంచి వచ్చే సోయా నూనె – ఈ రెండిటికీ మూలం ఎక్కువగా జన్యుమార్పిడి పంటలే. బుడ్డల నూనె, నువ్వుల నూనె, తవుడు నూనె, పొద్దుతిరుగుడు నూనె – ఈ పంటల్లో మన మార్కెట్‌కు వచ్చే జన్యుమార్పిడి రకాలు లేవు. వాటి మీద ‘నాన్ జీఎం’ అని వేసి నాలుగు రూపాయలు ఎక్కువ అడిగితే అది ప్రకటన ఖర్చు. మిక్చరు, చిప్స్ ప్యాకెట్ల వెనుక పదార్థాల వరుసలో నూనె పేరు ఉంటుంది. ‘కాటన్‌సీడ్’ అంటే పత్తి గింజ. జన్యుమార్పిడి ఆహారమున్న ప్యాకెట్ ముందువైపు పైభాగాన ‘జీఎం’ అని వేయాలన్న తూనికలు కొలతల నియమం 2013 జనవరి 1న అమల్లోకి వచ్చింది. ఆ రెండక్షరాలు కనబడటం మాత్రం అరుదు. అవి లేనంత మాత్రాన జన్యుమార్పిడి లేదని నిశ్చయించుకోవద్దు.

ఆపిల్ మీది స్టిక్కర్‌లో 8తో మొదలయ్యే అయిదంకెలుంటే జన్యుమార్పిడి అని వాట్సాప్‌లో తిరిగేది ఉత్త మాట. అలాంటి అంకె ఒకటి అనుకున్నారు గానీ అంగళ్లలోకి రాలేదు. 9తో మొదలయ్యే అయిదంకెలు మాత్రం సేంద్రియానికి గుర్తు.

గింజలోనో ఆకులోనో బీటీ ప్రొటీన్ (ఆ బాక్టీరియా జన్యువు వల్ల తయారయ్యేది) ఉందేమో చూసే పట్టీలున్నాయి. నలిపి, ద్రావకం పోసి, పట్టీ ముంచితే కాసేపట్లో తేలుతుంది. రెండు గీతలొస్తే ఉన్నట్టు, పై గీత ఒక్కటే వస్తే లేనట్టు, అసలేదీ రాకపోతే పట్టీయే చెడినట్టు. నూనె మీద ఇది పనిచేయదు. పట్టుకోవడానికి అందులో ప్రొటీన్ ఉండదు కదా. తినడం క్షేమమేనా అన్నది భాషావేత్తగా నేను తేల్చేది కాదు. అంతర్జాతీయ మార్కెట్లో ఉన్నవి భద్రతా పరీక్షలు దాటి వచ్చినవేననీ, హాని చేసే అవకాశం తక్కువనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట.

ఇక ‘జన్యుసవరణ’. రాజ్యాంగ సవరణలో, ఉన్న పుస్తకాన్నే దిద్దుతాం. ఇక్కడా అంతే, మొక్కలో ఉన్న జన్యువునే దిద్దుతారు. 2025 మే 4న కేంద్రం ప్రకటించిన రెండు వరి రకాల్లో ఒకటైన డీఆర్ఆర్ ధాన్ 100, అంటే ‘కమల’, ఇలా వచ్చిందే. సాంబ మసూరిని దిద్ది హైదరాబాద్‌లోని వరి పరిశోధన సంస్థ దాన్ని తయారుచేసింది. బయటి జన్యువు మిగలని ఇలాంటి పంటలను 2022 మార్చిలోనే కేంద్రం జన్యుమార్పిడి నిబంధనల నుంచి తప్పించింది. అందుకే దీన్ని ‘జన్యుమార్పిడి బియ్యం’ అని రాసిన పత్రికలది పొరపాటు. ఆ సాంబ మసూరే మన బీపీటీ 5204. కర్నూలు సోనా పేరుతో అమ్మే బియ్యంలో పేరుపడ్డ రకం. అది వరికి వరితోనే సంకరం చేసి, ఆపై ఏరి స్థిరపరచి 1986లో బాపట్ల నుంచి విడుదల చేసిన మామూలు వంగడం; హైబ్రిడ్ కాదు. ‘కమల’ వార్త చదివి కర్నూలు సోనా సంచిని అనుమానించే పనిలేదు.