కార్గో టెర్మినల్ హరితంగా ఉండాలంటే ముందు తలుపులు చూడండి

శంషాబాద్ విమానాశ్రయానికి ఒక హరిత కార్గో టెర్మినల్ (విమాన సరుకును నిర్వహించే భవనం) డిజైన్‌ను ఆర్కిటెక్చర్ థీసిస్‌గా ఎంచుకున్నానని, సౌర ఫలకాలు, పచ్చని గోడలు కాక ఇంకేమి ఆలోచించాలని మీరు అడిగారు. శీతల గిడ్డంగులకు, కార్గో షెడ్లకు శీతలీకరణ వ్యవస్థలు రూపొందించే పనిలో ఉన్నాను కాబట్టి ఆ కోణం నుంచే చెబుతాను.

హైదరాబాద్ నుంచి విమానాల్లో వెళ్లే సరుకులో మందులది పెద్ద వాటా. వాటిలో కొన్నింటిని 2–8 డిగ్రీల మధ్య, చాలావాటిని 15–25 డిగ్రీల మధ్య ఉంచాలి. మే నెలలో బయట 40 డిగ్రీలు దాటినప్పుడు ఆ చల్లదనం గోడల కంటే తలుపుల గుండానే ఎక్కువగా పోతుంది. లారీలు ఆగే వైపు తలుపు, విమానాల వైపు తలుపు ఒకేసారి తెరిచి ఉంటే వేడిగాలి ఈ చివర నుంచి ఆ చివరకు దూసుకుపోతుంది. నేను పనిచేసిన ఒక షెడ్డులో గోడల ఇన్సులేషన్ మేలైనదే అయినా, రాత్రి విమానాల కోసం లారీలన్నీ సాయంత్రం ఒక్కసారిగా వచ్చే వేళకు లోపలి ఉష్ణోగ్రత పెరిగేది. తలుపు మాటిమాటికీ మూసుకుంటోందని సిబ్బంది దానికి ప్యాలెట్ (సరుకు పేర్చే పలక) అడ్డం పెట్టేవారు. అందువల్ల లారీ వెనుక భాగాన్ని చుట్టూ మూసే డాక్ షెల్టర్లు, వేగంగా తెరుచుకుని మూసుకునే తలుపులు, 2–8 డిగ్రీల గదికి ముందు 15–25 డిగ్రీల గది, ఒకటి మూసుకుంటేనే రెండోది తెరుచుకునే ఏర్పాటు మీ ప్లానులో ముందుగా కనిపించాలి. లారీలకు వేళలు కేటాయించే పద్ధతిని కూడా డిజైన్‌లో భాగంగానే చూపించండి, ఎందుకంటే లారీలు ఆగి సరుకు దించే డాక్‌లు ఎన్ని కావాలన్నది దానిపైనే ఆధారపడుతుంది.

తరువాతి స్థానం పైకప్పుది. ఈ అక్షాంశంలో సూర్యుడు మే రెండో వారం నుంచి ఆగస్టు మొదటి వారం వరకు మధ్యాహ్నం ఉత్తరానికి జరిగి ఉంటాడు కాబట్టి, ఉత్తరపు వెలుతురు కోసం పెట్టే కిటికీలకు కూడా నీడ పలకలు అవసరం. పాఠ్యపుస్తకాల్లోని ఐరోపా భవనాల సెక్షన్లను (నిలువు కోత చిత్రాలను) యథాతథంగా దించుకుంటే ఇక్కడే దెబ్బతింటారు. సుమారు 800 మిల్లీమీటర్ల వార్షిక వర్షపాతానికి, 10,000 చదరపు మీటర్ల కప్పుపై 80 లక్షల లీటర్ల నీరు పడుతుంది. ఐదో వంతు వృథా పోయినా 64 లక్షలు మిగులుతాయి. అయితే ఆ నీటిని భూగర్భ ట్యాంకుల్లోనే నిల్వ చేయాలి, తెరిచిన చెరువు పక్షులను రన్‌వే దగ్గరకు రప్పిస్తుంది. పచ్చని గోడలపై నాకు పెద్దగా ఆసక్తి లేకపోవడానికీ అదే కారణం. రన్‌వే స్ట్రిప్ (రన్‌వే చుట్టూ ఖాళీగా ఉంచే స్థలం) అంచు నుంచి ప్రతి 7 మీటర్లకు 1 మీటరు చొప్పున పెరిగే ఎత్తు పరిమితిని సరుకు పేర్చే ర్యాకుల ఎత్తు తేల్చకముందే చూసుకోండి.

చివరిగా, థీసిస్‌లలో అరుదుగా కనిపించే విషయం రిఫ్రిజెరంట్, అంటే శీతలీకరణ యంత్రాల్లో తిరుగుతూ చల్లదనాన్నిచ్చే పదార్థం. శీతల గదుల్లో విరివిగా వాడిన ఆర్-404ఎ, లీకైతే అదే బరువు కార్బన్ డయాక్సైడ్ కంటే దాదాపు 3,900 రెట్లు ఎక్కువగా భూతాపాన్ని పెంచుతుంది. అమ్మోనియాతో ఆ సమస్య ఉండదు గానీ అది విషవాయువు. కాబట్టి దాన్ని భవనానికి వెలుపల విడిగా ఉన్న యంత్రాల గదికే పరిమితం చేసి, లోపలికి చల్లని గ్లైకాల్ ద్రవాన్ని మాత్రమే పంపాలి. ఆ గదికి స్థలాన్ని సైట్ ప్లాన్ గీసేటప్పుడే, గాలి వాలును చూసి, అక్కడి నుంచి కార్మికులు ఉండే వైపుకు గాలి వీచని చోట కేటాయించండి.