ఫైబర్ బాడీ కారులో పాట బాగా పలకాలంటే

మీ కారు – మీ ప్రశ్న
(బెంగళూరు జె.సి. రోడ్‌లో ఏళ్ల తరబడి కార్ల వైరింగ్, ఆడియో పని చేస్తున్న మదనపల్లె మెకానిక్ పాఠకులకు ఇస్తున్న జవాబులు)

ప్రశ్న: సార్, మా నాన్నగారు 2002లో కొన్న శాన్ స్టార్మ్ కారు ఇప్పుడు నా దగ్గరుంది. రెండే సీట్లు, మడిచే టాపు. ఇంజన్ బాగుంది. స్టీరియో మాత్రం ఉన్నట్టుండి ఆగిపోతోంది, డోరు స్పీకర్లు గరగరమంటున్నాయి. ఎఫ్.ఎం. పెడితే యాక్సిలరేటర్ తొక్కినకొద్దీ టిక్కుటిక్కుమని చప్పుడు. ఒక షాపులో అడిగితే డ్యాష్‌బోర్డు కోసి పది అంగుళాల ఆండ్రాయిడ్ స్క్రీన్ పెడతామన్నారు. సీట్ల వెనక 12 అంగుళాల ఊఫర్, ‘నాలుగు వేల వాట్ల’ యాంప్లిఫయర్ (యాంప్) కూడా అన్నారు. నా బడ్జెట్ 50 వేలు. ఆదివారం పొద్దున్నే టాపు తీసి నంది హిల్స్ దాకా వెళ్లొస్తుంటాను. ఏం చేయమంటారు?
– ఒక పాఠకుడు, మారతహళ్లి

జవాబు: డ్యాష్‌బోర్డు మీద బ్లేడు పెట్టనివ్వకండి. మన దేశంలో తయారైన రెండు సీట్ల ఓపెన్ కార్లు ఎన్నని ఉన్నాయి చెప్పండి! ఒకసారి కోస్తే మళ్లీ అలాంటి డ్యాష్‌బోర్డు దొరకదు. స్టీరియో సందు 180 మి.మీ. వెడల్పు, 50 మి.మీ. ఎత్తు ఉంటే అది సింగిల్ డిన్. ఆ సైజులో బ్లూటూత్, యు.ఎస్.బి. ఉన్న మంచి స్టీరియోలు ఇప్పటికీ కొత్తవి దొరుకుతాయి. టాపు తీస్తే పెద్ద స్క్రీన్ మీద ఎండ పడి ఎలాగూ ఏమీ కనబడదు. మ్యాప్ కావాలంటే ఫోన్‌కు ఒక స్టాండు పెట్టుకోండి, చాలు.

ఇక అసలు సంగతికి వస్తాను. మీ కారు బాడీ ఫైబర్‌గ్లాస్. మామూలు రేకు కార్ల పని చేసే కుర్రాళ్లు చాలామంది ఇక్కడే బోల్తా పడతారు. రేకు కారులో ఏ బోల్టుకు బిగించినా ఎర్త్ (కరెంటు బ్యాటరీకి తిరిగి వెళ్లే దారి) దొరుకుతుంది. అదే అలవాటులో మీ కారు డోరుకో, డిక్కీ గోడకో ఒక స్క్రూ వేసి నల్ల వైరు చుట్టి వదిలేస్తారు. ఫైబర్‌లో కరెంటు పారదు. అప్పుడు యాంప్ కరెంటు వేరే సన్న వైర్ల గుండా, ఒక్కోసారి సిగ్నల్ కేబుల్ గుండానే, దారి వెతుక్కుంటుంది. మీ స్టీరియో ఉండుండి ఆగిపోవడానికి కూడా నేను మొదట అనుమానించేది ఎర్త్‌నే. కొత్త సరుకు కొనకముందే స్టీరియో వెనక నల్ల వైరు ఎక్కడికి పోతోందో చివరిదాకా పట్టుకుని చూడమనండి. చాలా పాత కార్లలో అది తుప్పు పట్టిన ఒక థింబుల్ (వైరు చివర బిగించే లోహపు కొస) దగ్గర ఆగుతుంది.

యాంప్ ఎర్త్ వైరును నేరుగా బ్యాటరీ నెగటివ్‌కు తీసుకెళ్లండి. లేదా కింద ఉన్న ఇనుప ఛాసిస్‌కు బిగించండి, అయితే పెయింట్ గీకి మెరిసే లోహం కనబడ్డాకే. పాజిటివ్ వైరు ఎంత లావో ఎర్త్ వైరూ అంతే లావు ఉండాలి. పని అయ్యాక పాట గట్టిగా పెట్టి, మల్టీమీటర్‌తో యాంప్ ఎర్త్ టెర్మినల్‌కూ బ్యాటరీ నెగటివ్‌కూ మధ్య వోల్టేజ్ చూడండి. 0.1 వోల్టు లోపే ఉంటే ఎర్త్ బాగున్నట్టు.

ఎఫ్.ఎం.లో ఆ టిక్కుటిక్కు కూడా ఫైబర్ బాడీ మూలంగానే కావచ్చు. ప్లగ్గుల్లో నిప్పురవ్వ పుట్టినప్పుడల్లా రేడియో తరంగాలు వెలువడతాయి. రేకు కారులో బానెట్, ఫైర్‌వాల్ వాటిని అడ్డుకుంటాయి. ఫైబర్‌కు ఆ శక్తి లేదు. 1953లో వచ్చిన షెవర్లే కార్వెట్‌దీ ఫైబర్‌గ్లాస్ బాడీనే. ఆ రోజుల్లో రేడియో ఉన్న కార్వెట్‌లకు డిస్ట్రిబ్యూటర్ మీద లోహపు తొడుగు వేసి పంపేవాళ్లు, కారణం ఇదే. మీరు అంత దూరం పోనక్కర్లేదు. రెసిస్టర్ రకం ప్లగ్గులు, మంచి ప్లగ్ వైర్లు వేయించండి. ఫైబర్ బానెట్‌ను వైరుతో ఛాసిస్‌కు కలిపినా ఫలితం ఉండదు. ఏరియల్ అడుగుభాగం నుంచి మాత్రం ఛాసిస్‌కు ఒక వెడల్పాటి అల్లిక వైరు తప్పకుండా వేయించండి. ఏరియల్‌కు కింద లోహం ఉంటేనే సిగ్నల్ సరిగ్గా అందుతుంది. అప్పుడు వివిధ భారతి 102.9 మీకు దేవనహళ్లి దాటాక కూడా మెరుగ్గా వినబడుతుంది.

‘నాలుగు వేల వాట్లు’ అన్న మాట అక్కడే వదిలేసి రండి. ఆ లెక్క నిజం కావాలంటే 14 వోల్టుల దగ్గర దాదాపు 285 ఆంపియర్లు కావాలి. మీ ఆల్టర్నేటర్ మీద ఎన్ని ఆంపియర్లని రాసి ఉందో ఒకసారి చూసుకోండి, విషయం మీకే అర్థమవుతుంది. స్టీరియో డబ్బా మీద ‘50 వాట్లు × 4’ అని ఉంటుందే, దానిదీ ఇదే కథ. ఇంజన్ నడుస్తున్నప్పుడు 14.4 వోల్టులు వస్తాయనుకుంటే, 4 ఓమ్‌ల స్పీకర్‌కు స్టీరియో సొంత చిప్ శుభ్రంగా ఇవ్వగలిగేది మహా అయితే పాతిక వాట్లే. ఆర్.ఎం.ఎస్. (నిలకడగా అందే అసలు వాట్లు) అని రాసిన అంకె ఒక్కటే చూడండి, మిగతావి చూడనట్టే వదిలేయండి.

వాట్ల కన్నా స్పీకర్ సెన్సిటివిటీ, అంటే ఇచ్చిన వాటుకు అది ఎంత గట్టిగా పలుకుతుందన్నది, ముఖ్యం. వాట్లు రెట్టింపు చేస్తే పెరిగేది 3 డెసిబెల్స్. చెవికి శబ్దం రెట్టింపైనట్టు అనిపించాలంటే సుమారు 10 డెసిబెల్స్ పెరగాలి, అంటే పది రెట్ల వాట్లు కావాలి. అదే 88 డెసిబెల్స్ సెన్సిటివిటీ ఉన్న స్పీకర్ బదులు 92 ఉన్నది కొంటే, యాంప్ మార్చకుండానే రెట్టింపు వాట్లకు మించిన లాభం. టాపు తీసి ఎయిర్‌పోర్ట్ రోడ్డు మీద పోతున్నప్పుడు మీకు అక్కరకు వచ్చేది అదే. ఛానెల్‌కు 50 వాట్ల ఆర్.ఎం.ఎస్. ఉన్న చిన్న నాలుగు ఛానెళ్ల డీ-క్లాస్ (కరెంటు తక్కువ వృథా చేసే రకం) యాంప్ ఒకటి తీసుకోండి. గట్టిగా పాడినా అది 20 ఆంపియర్ల లోపే లాగుతుంది.

స్పీకర్ కోన్ పాలీప్రొపిలీన్‌ది, చుట్టూ అంచు రబ్బరుది అయి ఉండాలి. మీ పాత స్పీకర్ల అంచును వేలితో తాకి చూడండి. ఫోమ్ అయితే ఈపాటికి పొడిపొడిగా రాలుతుంటుంది. ఆ గరగర దానిదే. కాగితం కోన్ వినడానికి ఎంతో బాగుంటుంది, నాకూ ఇష్టమే. కానీ సెప్టెంబరులో సిల్క్ బోర్డ్ దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కుని, టాపు వేసేలోపే వాన దంచి కొడితే ఆ కాగితం ఎన్నాళ్లు నిలుస్తుంది?

స్పీకర్ కొనే ముందు డోరు అద్దం పూర్తిగా కిందికి దించి లోతు కొలవండి. అద్దానికీ మాగ్నెట్‌కూ మధ్య కనీసం అర అంగుళం ఖాళీ మిగలాలి. ఫైబర్‌లోకి నేరుగా స్క్రూలు బిగించనివ్వకండి. కొన్నాళ్లకు రంధ్రం పెద్దదై స్పీకర్ అదురుతుంది, చుట్టూ పగుళ్లు పాకుతాయి. వాటర్‌ప్రూఫ్ ప్లైవుడ్‌తో రింగు కోయించి, ఉన్న రంధ్రాల్లోంచే నట్టు-బోల్టు, వెడల్పు వాషర్లు వేసి బిగించాలి. ఎం.డి.ఎఫ్. (చెక్క పొడిని నొక్కి చేసిన పలక) రింగు వద్దు, నీళ్లు తగిలితే అప్పడంలా ఉబ్బుతుంది. ఫైబర్ రేకులాగా గణగణ మోగదు కాబట్టి డోరంతా డ్యాంపింగ్ షీటు అతికించే ఖర్చు మీకు లేదు. డోరు లోపలి గోడకున్న పెద్ద కంతలు ఆ షీటు ముక్కలతో మూసేస్తే చాలు. స్పీకర్ ముందు వైపు గాలి, వెనక వైపు గాలి కలిసిపోతే బేస్ మాయమవుతుంది. మూయించేటప్పుడు డోరు అడుగున నీళ్లు పోయే రంధ్రాలు మాత్రం వదిలేయాలి. షీటు వేడి చేయడానికి హీట్ గన్ వాడితే బయటి పెయింట్ వేడెక్కుతోందేమో చెయ్యి పెట్టి చూస్తూ ఉండమనండి.

12 అంగుళాల ఊఫర్ మీ కారుకు అనవసరం. టాపు మూసి ఉన్నప్పుడు చిన్న క్యాబిన్ వల్ల లోతైన బేస్ దానంతట అదే పెరుగుతుంది. టాపు తీయగానే ఆ లాభం పోతుంది, పైగా గాలి హోరు, టైర్ల చప్పుడు ఆ బేస్‌నే మింగేస్తాయి. ఎంత పెద్ద ఊఫర్ పెట్టినా హైవే మీద ఆ నష్టం పూర్తిగా పూడదు. సీటు వెనక పది, పన్నెండు లీటర్ల సీల్డ్ (గాలి దూరని) బాక్సులో 8 అంగుళాల ఊఫర్ సరిపోతుంది. సీటు పూర్తిగా వెనక్కి జరిపి కొలిచాకే బాక్సు చేయించండి. డోరు స్పీకర్లకు 80 హెర్ట్జ్ కింద బేస్ కట్ చేసి, ఆ పని ఊఫర్‌కు అప్పగించండి. డోర్లు తేలికపడి గొంతు స్పష్టంగా వస్తుంది.

వైరు కొనేటప్పుడు ఒక బ్లేడు జేబులో పెట్టుకెళ్లండి. తొడుగు తీసి ఒక పోగును గీకి చూడండి. లోపల తెల్లగా మెరిస్తే అది రాగి పూత వేసిన అల్యూమినియం. అదే లావులో అసలు రాగి కన్నా దాని రెసిస్టెన్స్ చాలా ఎక్కువ, బిగించిన చోట కొన్నాళ్లకు వదులవుతుంది కూడా. 8 గేజ్ అసలు రాగి వైరు, బ్యాటరీ నుంచి జానెడు, మూరెడు లోపే 40 ఆంపియర్ల ఫ్యూజ్. ఈ ఫ్యూజ్ విషయంలో నేను ఎవరికీ సడలింపు ఇవ్వను. ఫైబర్‌గ్లాస్‌లో ఉండే రెసిన్ మండే పదార్థం. వైరు ఎక్కడైనా ఒరుసుకుని షార్టయితే కారు దక్కదు. పవర్ వైరు ఒక పక్క, సిగ్నల్ కేబుల్ ఇంకో పక్క వేయించండి.

చివర్లో రెండు పరీక్షలు. ఒక పెన్సిల్ సెల్ తీసుకుని యాంప్ దగ్గర విప్పిన స్పీకర్ వైర్లకు తాకించండి. ప్లస్‌కు ప్లస్ తగిలితే కోన్ బయటికి తుళ్లాలి. ఒక డోరు బయటికి, ఇంకో డోరు లోపలికి తుళ్లితే వైర్లు తిరగబడినట్టు. అలా ఉంటే పాడేవాళ్ల గొంతు మధ్యలో నిలవదు, బేస్ పలచబడిపోతుంది. తర్వాత యాంప్ మీద ఉండే గెయిన్ నాబ్. అది వాల్యూమ్ నాబ్ కాదు, స్టీరియో నుంచి వచ్చే సిగ్నల్‌కు యాంప్‌ను సరిపెట్టేది. స్టీరియోను ముప్పావు వాల్యూమ్‌లో పెట్టి, గెయిన్ మెల్లగా పెంచుతూ, శబ్దం పగిలినట్టు వినబడగానే కాస్త వెనక్కి తిప్పి వదిలేయండి. దీనికి నేను పెళ్లి మేళం రికార్డింగ్ వాడతాను. సన్నాయి చెవిలో గుచ్చుకుంటే ట్వీటర్ ఎక్కువైనట్టు. డోలు ఎడమ వైపు దెబ్బ గుండెకు తగిలి వెంటనే ఆగాలి, బూమ్మని సాగితే బాక్సో డోరో ఇంకా వదులుగా ఉంది.

ప్రశ్న: సెకండ్ హ్యాండ్‌లో 2007 పోర్షే బాక్స్‌స్టర్ కొన్నాను, బోస్ సిస్టమ్ ఉంది. ఆండ్రాయిడ్ ఆటో కోసం ఒరిజినల్ స్టీరియో తీయించి కొత్తది పెట్టిస్తే అసలు సౌండే రావడం లేదు. యాంప్ కాలిపోయిందంటున్నారు. కొత్త స్పీకర్లు కూడా వేయమంటున్నారు.
– ఒక పాఠకురాలు, వైట్‌ఫీల్డ్

జవాబు: అమ్మా, తొందరపడి ఏదీ కొనకండి. యాంప్ బహుశా బాగానే ఉంటుంది. మీ కారులో స్టీరియో నుంచి యాంప్‌కు పాట రాగి వైరులో వెళ్లదు, మోస్ట్ అనే పద్ధతిలో సన్నటి ప్లాస్టిక్ ఫైబర్‌లో ఎర్రటి వెలుతురుగా వెళ్తుంది. అందులోని పరికరాలన్నీ గుండ్రటి గొలుసులా ఒకదానికొకటి కలిసి ఒక చుట్టుగా ఉంటాయి. స్టీరియో తీసేయడంతో ఆ చుట్టు తెగింది, యాంప్‌కు మేలుకొమ్మని చెప్పేవాళ్లు లేరు. పాత స్టీరియో తిరిగి పెట్టించి వినండి. సౌండ్ వస్తే యాంప్ క్షేమం.

ఆ తర్వాత మీకు రెండు దారులు. ఒకటి, ఒరిజినల్ అలాగే ఉంచి, ఆ చుట్టులోకే చేరే బ్లూటూత్ మాడ్యూల్ పెట్టించడం. రెండోది, కొత్త స్టీరియోకూ పాత యాంప్‌కూ మధ్య మోస్ట్ ఇంటర్‌ఫేస్ బాక్సు వేయించడం. నాకు మొదటిదే ఇష్టం, కారు కారులాగే ఉంటుంది. స్పీకర్లు మాత్రం మార్చకండి. చాలా బోస్ సిస్టమ్‌లలో స్పీకర్ల ఇంపిడెన్స్ (కరెంటుకు ఇచ్చే అడ్డు) మామూలు 4 ఓమ్‌ల కన్నా తక్కువ. బయట కొన్నవి బిగిస్తే డబ్బు పోయి సౌండ్ తగ్గుతుంది. పని చేసేవాళ్లకు ఒక్క మాట గట్టిగా చెప్పండి: ఆ ఫైబర్ కేబుల్‌ను 25 మి.మీ. వ్యాసార్ధం కన్నా ఇరుకుగా వంచకూడదు, చివర వేలితో తాకకూడదు, టేపుతో అతుకు వేయకూడదు.

ప్రశ్న: అన్నా, మా మామయ్య 1998 మెర్సిడెస్ ఎస్.ఎల్.కె. నాకిచ్చారు. క్యాసెట్ స్టీరియో ఉంది, పని చేస్తోంది కానీ పాట సాగదీసినట్టు వస్తోంది. తీసి పారేయనా?
– ఒక విద్యార్థి, కె.ఆర్. పురం

జవాబు: పారేయకు తమ్ముడూ. పాట సాగుతోందంటే చాలా వరకు లోపల రబ్బరు బెల్టు వదులైనట్టే. ఎస్.పి. రోడ్‌లో టేప్ రికార్డర్లు బాగు చేసే పెద్దవాళ్లు ఇంకా కొందరున్నారు, కొలత చూసి బెల్టు వేస్తారు. హెడ్‌ను స్పిరిట్‌లో తడిపిన దూదితో తుడవమను. ఫోన్ పాటలకు క్యాసెట్ ఆకారంలో ఉండే అడాప్టర్ దొరుకుతుంది, ఒక్క వైరు కూడా కోయాల్సిన పని లేదు. బ్యాటరీ విప్పే ముందు మామయ్యను స్టీరియో సెక్యూరిటీ కోడ్ అడుగు. ఆ కాలపు స్టీరియోలు కరెంటు పోతే కోడ్ కొట్టేదాకా తెరుచుకోవు. ఆ కోడ్ కార్డు కారు పుస్తకాల సంచిలోనే ఉండొచ్చు, ముందు అక్కడ వెతుకు.