పాత ఎస్టీమ్‌కి ఏ వాటర్ పంప్?

ప్రశ్న: మాది 2003 మారుతీ ఎస్టీమ్. వారం తిరిగేసరికి కూలెంట్ డబ్బా అడుగంటుతోంది. వాటర్ పంప్ పోయిందని మెకానిక్ అంటున్నాడు. షాపులో మూడు రకాలు చూపించారు, ధరల్లో చాలా తేడా ఉంది, చూడ్డానికి మాత్రం మూడూ ఒకటే. ఏది తీసుకోవాలి?
(ఒక పాఠకుడు, తెనాలి)

జవాబు: ముందు పోయింది పంపేనా అన్నది తేల్చుకోండి. పంప్ బాడీకి కిందివైపు వీప్ హోల్ అని చిన్న బెజ్జం ఉంటుంది. లోపలి సీలు అరిగినప్పుడు కూలెంట్ బేరింగ్‌లోకి పోకుండా బయటికి కారిపోవడానికే అది. మీ బండిలో పంప్ టైమింగ్ బెల్ట్ (ఇంజిన్ షాఫ్టులు క్రాంక్, క్యామ్‌లని కలిపి తిప్పే పళ్ల బెల్ట్) వెనకాల ఉంటుంది కాబట్టి, సీలు పోతే ఆ బెల్ట్ కవర్ కింది అంచున కూలెంట్ రంగు చారలో, ఎండిన తెల్లటి మడ్డో కనిపిస్తుంది. ఇంజిన్ ఆపి, పంప్‌ని తిప్పే ఫ్యాన్ బెల్ట్ వదులు చేసి, పంప్ పుల్లీని పట్టుకుని అటూ ఇటూ ఊపండి. చేతికి వదులు తెలిసినా, తిప్పితే గరగరమన్నా బేరింగ్ పోయినట్టే. ఇవేవీ లేకుండా కూలెంట్ తగ్గుతుంటే పంప్ జోలికి పోకుండా రేడియేటర్‌కి ప్రెషర్ టెస్ట్ చేయించండి. క్యాప్ మీద రాసిన ప్రెషర్ దాటకూడదు. రేడియేటర్ ప్లాస్టిక్ ట్యాంకు అంచు, హోస్ క్లిప్పులు, హీటర్ గొట్టాలు కారుతుంటే పంప్ మార్చినా లాభం లేదు.

పంపే అని తేలితే, మూడింట్లో చవకది మాత్రం వద్దు. పంపుల అసలు తేడా సీలులో, బేరింగ్‌లో ఉంటుంది. అవి రెండూ లోపలే ఉంటాయి, అందుకే మీకు అన్నీ ఒకేలా కనిపించాయి. సీలులో రెండు నున్నటి ముఖాలు ఒకదానికొకటి ఆనుకుని తిరుగుతాయి. ఒకటి కార్బన్, రెండోది సిరామిక్ గానీ సిలికాన్ కార్బైడ్ గానీ. వీటి ఫినిషింగ్ సరిగా లేకపోతే పంప్ త్వరగా కారడం మొదలుపెడుతుంది. అప్పుడు టైమింగ్ బెల్ట్ మళ్లీ విప్పాల్సిందే, కూలీ మళ్లీ ఇవ్వాల్సిందే. పంప్ మీద మిగిలిన డబ్బు అక్కడే పోతుంది.

మారుతీ జెన్యూన్ పార్ట్ దొరికితే అదే తీసుకోండి. లేదంటే ఐసిన్, జీఎంబీ లాంటి పంపుల తయారీదార్ల సరుకు. విజయవాడ ఆటోనగర్‌లో గానీ, సికింద్రాబాద్ రాణిగంజ్‌లో గానీ అడిగేటప్పుడు ‘ఎస్టీమ్ పంప్’ అని ఊరుకోకుండా ఛాసిస్ నంబర్ చెప్పి పార్ట్ నంబర్ తీయించండి. పాత పంప్ విప్పాక దాన్ని వెంట తీసుకెళ్లడం ఇంకా మేలు. పెట్టె మీద అక్షరాల తప్పులున్నా, ఎంఆర్‌పీ లేబుల్ చెరిపి అతికించినట్టున్నా పక్కన పెట్టేయండి. ఈ మోడల్ తయారీ ఆగిపోయి చాలా ఏళ్లయింది కాబట్టి పంప్ తయారీ తేదీ కూడా చూడండి, ఏళ్ల తరబడి అరలో పడున్న పంపులో రబ్బరు గట్టిపడుతుంది.

కౌంటర్ దగ్గరే కొత్తదాన్నీ పాతదాన్నీ పక్కపక్కన పెట్టి చూడండి. ఇంపెల్లర్ (నీళ్లను తోసే రెక్కల చక్రం) వ్యాసం, రెక్కల ఎత్తు, వంపు తిరిగిన వైపు, పుల్లీ కూర్చునే ఫ్లాంజ్ ఎత్తు కలవాలి. ఫ్లాంజ్ రెండు మిల్లీమీటర్లు తేడా వచ్చినా బెల్ట్ వంకరగా నడుస్తుంది. రేకు ఇంపెల్లర్ అయితే షాఫ్ట్ తిప్పుతూ పక్కనుంచి గమనించండి, రెక్కలు అటూ ఇటూ ఊగకూడదు. చేత్తో తిప్పినప్పుడు సీలు పట్టు వల్ల కాస్త బిగువు ఉండాలి, అది చుట్టంతా ఒకేలా ఉండాలి. గ్యాస్కెట్ కూర్చునే ముఖాన్ని షాపు అద్దం బల్ల మీద బోర్లించండి, కదిలిందంటే వంకరే. వీప్ హోల్‌లో పెయింట్ అడ్డం పడిందేమో కూడా చూడండి. రెండు నిమిషాల పని ఇది, షాపాయన విసుక్కున్నా ఫర్వాలేదు.

ఎలాగూ విప్పుతున్నారు కనుక టైమింగ్ బెల్ట్, దాన్ని బిగువుగా ఉంచే టెన్షనర్ కూడా మార్చేయండి. క్యామ్, క్రాంక్ సీళ్ల దగ్గర ఆయిల్ తడి ఉంటే అవి కూడా. బెల్ట్ తీసేముందు టైమింగ్ గుర్తులు కలిపి పెట్టుకోవాలి, వేశాక క్రాంక్‌ని చేత్తో రెండు చుట్లు తిప్పి మళ్లీ సరిచూడాలి.

ఇంజిన్ మీద పాత గ్యాస్కెట్ ముక్కలన్నీ గీకేయాలి, అల్యూమినియం గాటు పడకూడదు. పేపర్ గ్యాస్కెట్ ఉంటే సిలికాన్ పేస్ట్ అక్కర్లేదు. మన మెకానిక్‌లకి ట్యూబంతా పిండే అలవాటుంది. లోపలికి ఉబ్బిన పేస్ట్ తెగి రేడియేటర్ సన్న గొట్టాలకి అడ్డం పడుతుంది. 6 ఎంఎం బోల్టులు ఎదురెదురుగా, కొద్దికొద్దిగా, 10 న్యూటన్ మీటర్ల దాకా బిగిస్తే చాలు. ఫ్యాన్ బెల్ట్‌ని బొటనవేలితో గట్టిగా నొక్కితే 6 నుంచి 9 మిల్లీమీటర్లు దిగాలి. కీచుమంటోందని బెల్ట్ మరీ బిగిస్తే కొత్త బేరింగ్ మీదే భారం పడుతుంది.

కూలెంట్ సగం, డిస్టిల్డ్ వాటర్ సగం. బోరు నీళ్లు వద్దు, ఉప్పు పేరుకుంటుంది, సీలు ముఖాలు గీసుకుపోతాయి. లీకు ఆపే పొడులదీ ఇదే గొడవ. నింపాక హీటర్ వేడివైపు తిప్పి, క్యాప్ తీసే ఉంచి, చల్లటి ఇంజిన్‌ని ఐడిల్‌లో నడపండి. పై హోస్ వేడెక్కి బుడగలు ఆగేదాకా పోస్తూ ఉండండి. మొదట్లో వీప్ హోల్ నుంచి ఒకటి రెండు చుక్కలు వస్తే కంగారు వద్దు, ఆ తర్వాత కూడా కారుతుంటే పంప్ వెనక్కిచ్చేయండి.

ప్రశ్న: మార్క్ 4 అంబాసిడర్ పెట్రోల్. పంప్ రీబిల్డ్ చేయిస్తే సరిపోతుందా?
(ఒక పాఠకుడు, హనుమకొండ)

జవాబు: సరిపోతుంది, బాడీ పగలకుండా ఉంటే. బేరింగ్, సీలు, ఇంపెల్లర్ మూడూ ప్రెస్ మీద ఎక్కించాలి, సుత్తితో కొట్టకూడదు. ఇంపెల్లర్‌కీ బాడీకీ మధ్య ఖాళీ పాతదానంతే ఉండాలి, ఎక్కువైతే నీళ్లు తోయడం తగ్గుతుంది. ఈ బండిలో ఫ్యాన్ పంప్ షాఫ్ట్ మీదే ఉంటుంది కనుక ఒక్క రెక్క వంగినా ఆ అదురు బేరింగ్‌కే తగులుతుంది, బిగించే ముందు రెక్కలన్నీ ఒకే వరసలో ఉన్నాయో లేదో చూడండి. బాడీ మీద గ్రీజు స్క్రూ ఉంటే కాస్తంత గ్రీజు పెట్టి వదిలేయండి. గన్‌తో ప్రెషర్ పెట్టి ఎక్కిస్తే గ్రీజు సీలు మీదికి పోతుంది.

ప్రశ్న: వేడెక్కకుండా థర్మోస్టాట్ తీసేశారు. అలాగే నడపొచ్చా?
(ఒక పాఠకురాలు, ఒంగోలు)

జవాబు: వద్దు, కొత్తది వేయించండి. ఇంజిన్ వేడెక్కేదాకా కూలెంట్‌ని రేడియేటర్‌కి పోనివ్వని వాల్వ్ అది. అది లేకపోతే ఇంజిన్ సరిపడా వేడెక్కడానికే చాలా సేపు పడుతుంది, పెట్రోలు ఎక్కువ తాగుతుంది, సిలిండర్లు అరుగుతాయి. వేడెక్కడానికి అసలు కారణం పూడుకున్న రేడియేటరో, తిరగని ఫ్యానో అయ్యుంటే అదీ అలాగే ఉండిపోతుంది.